నిల్వ పరికరాల వనరుల సురక్షిత విడుదల

నిల్వ పరికరాల వనరుల సురక్షిత విడుదల అనగా హార్డుడిస్కు, ఎస్‌ఎస్‌డి, పెన్‌డ్రైవు వంటి పరికరాలను నడపడానికి ఆపరేటింగు సిస్టం కెర్నెలు సమకూర్చుకొన్న వనరులను, పని ముగిసిన పిమ్మట, వాటిని ఇంకెవరూ వాడడం లేదని రూఢి చేసుకొని, తగిన క్రమంలో తిరిగి ఇచ్చివేసే విధానం. కెర్నెలు అనేది ఆపరేటింగు సిస్టంలోని మూల భాగం. మెమొరీని, ప్రాసెసరును, పరికరాలను ప్రోగ్రాములకు పంచిపెట్టే బాధ్యత దీనిదే. ఒక్కొక్క రకం పరికరాన్ని నడిపే కెర్నెలు భాగాన్ని డ్రైవరు అంటారు. వనరులను కోరి తెచ్చుకోవడం, తిరిగి అప్పగించడం రెండూ డ్రైవరు పనులే.

ఈ విడుదలలో లోపం ఉంటే దాని ఫలితం మూడు విధాలుగా కనబడుతుంది. వనరును తిరిగి ఇవ్వడం మరచిపోతే మెమొరీ కొద్దికొద్దిగా హరించుకుపోతుంది. దీనిని మెమొరీ లీకు అంటారు. వేరొకరు వాడుతుండగానే ఇచ్చివేస్తే, ఆ మెమొరీ మరొక పనికి కేటాయించబడి, పాత వాడుకరి రాసే రాతలు కొత్త యజమాని సమాచారం మీద పడతాయి. దీనిని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అని, తెలుగులో విడుదల తరువాతి వాడకం అని చెప్పవచ్చు. ఎన్నటికీ ముగియని పని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే యంత్రం బిగుసుకుపోతుంది. మూడింటిలో రెండవది అత్యంత ప్రమాదకరమైనది. దానివలన దస్త్రాలు చెడిపోవడమే కాక, దురుద్దేశం గలవారు ఆ కొత్త మెమొరీలోని విషయాన్ని తమకు అనుకూలంగా అమర్చుకొని యంత్రంపై పూర్తి అధికారం సంపాదించే అవకాశం కూడా ఉన్నది.

ఈ వ్యాసంలో ప్రధానంగా లినక్సు కెర్నెలును ఉదాహరణగా తీసుకోవడమైనది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కెర్నెలు మూలపాఠం అందరికీ అందుబాటులో ఉండడం వలన, ఏ దోషం ఎప్పుడు బయటపడినది, ఎలా సరిదిద్దబడినది అనేది ఎవరైనా చదివి తెలుసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులు, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పనిచేసేలా సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు ఈ కెర్నెలు మీదనే ఆధారపడినవి.

వనరులు

ఒక డిస్కును నడపడానికి డ్రైవరు తెచ్చుకొనే వనరులు పలు రకాలు. పరికరపు రిజిస్టర్లను అందుకోవడానికి కావలసిన చిరునామాల కేటాయింపు, పరికరం పని ముగించగానే ప్రాసెసరును పిలిచే ఇంటరప్టు, అభ్యర్థనలు బారులు తీరే క్యూలు, ప్రతి అభ్యర్థనకు గుర్తుగా ఇచ్చే ట్యాగు సంఖ్యలు, గడువు మించిన పనులను కనిపెట్టే టైమర్లు, వెనుకగా జరగవలసిన పనుల జాబితాలు, డిస్కుకు ఇచ్చిన పేరు, సంఖ్య మొదలైనవన్నీ వనరులే.

వీటిలో డీఎంఏ మెమొరీని గూర్చి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రాసెసరు ప్రమేయం లేకుండా పరికరమే నేరుగా మెమొరీలో చదవడానికి, రాయడానికి వీలు కల్పించే పద్ధతిని డీఎంఏ అంటారు. డ్రైవరు ఈ మెమొరీని విడుదల చేసినంత మాత్రాన ఆ సంగతి పరికరానికి తెలియదు. ఆజ్ఞ ముందే అంది ఉంటే అది తన దారిన తాను రాస్తూనే ఉంటుంది. కాబట్టి మొదట పరికరాన్ని ఆపాలి, ఆ తరువాతనే మెమొరీని ఇచ్చివేయాలి.

మామూలు ప్రోగ్రాములు రాసేవారికి ఈ శ్రద్ధ కొంత వింతగా తోచవచ్చు. ఒక సాధారణ ప్రోగ్రాము ఆగిపోతే అది తెరచిన దస్త్రాలను, వాడిన మెమొరీని కెర్నెలు తానే వెనుకకు తీసుకుంటుంది. కెర్నెలుకు అటువంటి వెనుక అండ లేదు. అక్కడ మరచిపోయిన వనరు యంత్రాన్ని మరల ప్రారంభించే వరకు మరచిపోయినదిగానే మిగిలిపోతుంది.

విడుదల జరిగే సందర్భాలు

వాడుకరి పద్ధతి ప్రకారం పరికరాన్ని తొలగించినప్పుడు విడుదల జరుగుతుందనేది అందరికీ తెలిసినదే. కాని అదొక్కటే సందర్భం కాదు. డ్రైవరు పరికరాన్ని సిద్ధం చేస్తూ మధ్యలో విఫలమైతే, అప్పటి వరకు తెచ్చుకొన్నవాటిని మాత్రమే తిరిగి ఇవ్వాలి. చెప్పాపెట్టకుండా కేబులు ఊడిపోతే, లేని పరికరం తరఫున లెక్కలన్నీ ముగించాలి. డ్రైవరు మాడ్యూలును కెర్నెలు నుండి తీసివేస్తే, దాని సూచనలు ఉన్న మెమొరీ కూడా మాయమవుతుంది కనుక, ఆ సూచనలను పిలిచేవారెవరూ మిగలకూడదు. యంత్రాన్ని ఆపివేసే సందర్భం వీటికి కొంత భిన్నం. విద్యుత్తు ఎలాగూ పోతుంది కాబట్టి మెమొరీని విడుదల చేయవలసిన పని లేదు గాని, డిస్కు లోపలి తాత్కాలిక మెమొరీలో ఉన్న సమాచారాన్ని శాశ్వతంగా రాయించి, పరికరాన్ని నిలిపివేయాలి.

వరుసక్రమం

విడుదలలో కఠినమైన భాగం మెమొరీని తిరిగి ఇవ్వడం కాదు, అందుకు ఒక్క ఆజ్ఞ చాలు. ఆ మెమొరీ మీద ఎవరి చూపూ లేదని తెలుసుకోవడమే కఠినం. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద దర్శి బ్రాంచి కాలువలో పూడిక తీసే పనిని దీనికి పోలికగా చెప్పుకోవచ్చు. ముందు పైన షట్టర్లు దించి కొత్త నీరు రాకుండా చేస్తారు. అప్పటికే కాలువలో ఉన్న నీరు పొలాలకు, చెరువులకు పోయే వరకు ఆగుతారు. ఆ తరువాతనే మనుషులు, యంత్రాలు కాలువలోకి దిగుతాయి. షట్టర్లు దించిన మరుక్షణమే దిగినవాడు ప్రమాదంలో పడతాడు. షట్టర్లు దించకుండా నీరు పోయేదాకా ఆగుదామనుకొన్నవాడు ఆగుతూనే ఉంటాడు.

కెర్నెలులో కూడా ఇదే వరుస. మొదటిది కొత్త అభ్యర్థనలను ఆపడం. రెండవది దారిలో ఉన్న అభ్యర్థనలను ముగియనివ్వడం. మూడవది పరికరాన్ని, దాని ఇంటరప్టును, టైమర్లను, వెనుక పనులను నిలిపివేయడం. చివరిది మెమొరీని ఇచ్చివేయడం. స్థూలంగా చెప్పాలంటే తెచ్చుకొన్న క్రమానికి విలోమ క్రమంలో తిరిగి ఇవ్వాలి.

లినక్సులో డిస్కును వర్ణించే నిర్మాణాన్ని జెన్‌డిస్క్ అంటారు. డిస్కును తొలగించేటప్పుడు డ్రైవరు మొదట డెల్_జెన్‌డిస్క్ అనే ప్రమేయాన్ని పిలుస్తుంది. ఇది డిస్కుకు మృత ముద్ర వేసి, క్యూను స్తంభింపజేసి, దారిలో ఉన్న అభ్యర్థనలు ముగిసే వరకు ఆగి, డిస్కు పేరును వాడుకరులకు కనబడకుండా తొలగిస్తుంది. డ్రైవరు తన ట్యాగులను, ఇంటరప్టును, డీఎంఏ మెమొరీని విడుదల చేయవలసినది ఆ తరువాతనే. పుట్_డిస్క్ అనే ప్రమేయం ద్వారా డిస్కు మీద తన హక్కును వదులుకోవడం కూడా అటు పిమ్మటనే.

డెల్_జెన్‌డిస్క్ అభ్యర్థనలు ముగిసే వరకు ఆగడం అనేది 2021లో వచ్చిన మార్పు. అంతకు ముందు ఆ పని క్యూను తొలగించే సమయంలో జరిగేది. డిస్కు, క్యూ రెండూ ఒకేసారి పుట్టి ఒకేసారి పోయే డ్రైవర్లలో దీనివలన పెద్దగా ఇబ్బంది లేదు. స్కజీ పద్ధతిలో మాత్రం డిస్కును చూచే డ్రైవరు వేరు, క్యూకు యజమాని వేరు. క్యూ బ్రతికి ఉండగానే డిస్కు విడుదల కావచ్చు. అప్పుడు క్యూలో మిగిలిన పని ఏదైనా విడుదలైన డిస్కును తడిమే ప్రమాదం ఉన్నది. రెండు వస్తువుల ఆయుర్దాయాలు ఒకటేనని రచయిత అనుకోవడం, అవి వేరు కావడం అనేది ఈ రంగంలోని దోషాలలో తరచుగా కనబడే మూల కారణం.

టైమర్ల విషయంలో మరొక చిక్కు కలదు. గడువు మించినట్లు టైమరు గమనిస్తే అది ఒక వెనుక పనిని ప్రారంభిస్తుంది. ఆ వెనుక పని తన వంతు ముగించి టైమరును మరల బిగిస్తుంది. టైమరును ముందు ఆపితే వెనుక పని దానిని మళ్ళీ లేపుతుంది. వెనుక పనిని ముందు ఆపితే టైమరు దానిని మళ్ళీ లేపుతుంది. ఏది ముందు ఆపినా రెండవది మొదటిదానిని బ్రతికిస్తుంది. దీనికి విరుగుడుగా 2023 ఫిబ్రవరిలో వెలువడిన లినక్సు 6.2లో, టైమరును ఆపడమే కాక ఇక ముందు ఎవరు బిగించినా పనిచేయకుండా మూసివేసే ప్రమేయాన్ని చేర్చారు.

ఇంటరప్టుల సంగతి కూడా గమనింపదగినది. పాత పద్ధతిలో ఒకే ఇంటరప్టు తీగను పలు పరికరాలు పంచుకొనేవి. అటువంటప్పుడు తన పరికరాన్ని ఆపాను కదా, ఇంటరప్టు రాదు అని డ్రైవరు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. పొరుగు పరికరం పిలిచినా ఈ డ్రైవరు ప్రమేయం కూడా పిలువబడుతుంది. అది విడుదలైన మెమొరీని చూడబోతుంది. అందుచేత ఇంటరప్టు ప్రమేయాన్ని అధికారికంగా తొలగించిన తరువాతనే, అది వాడే మెమొరీని ఇచ్చివేయాలి.

వాడుకరుల లెక్క

డ్రైవరు ఒక్కటే డిస్కును వాడుతున్నట్లయితే పై వరుస సరిపోయేది. వాస్తవానికి ఒకే డిస్కును ఫైలు సిస్టం, డిస్కును నేరుగా తెరచిన ప్రోగ్రాము, పరికరాల సమాచారాన్ని చూపే దస్త్రాన్ని చదువుతున్న మరొక ప్రోగ్రాము ఏకకాలంలో పట్టుకొని ఉండవచ్చు. వీరిలో చివరివాడు వదిలే వరకు నిర్మాణాన్ని విడుదల చేయకూడదు.

ఇందుకై వాడే పద్ధతి రెఫరెన్సు లెక్కింపు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మిర్చి టిక్కీలు దాచే కోల్డు స్టోరేజిని ఊహించుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. యజమాని వ్యాపారం మానుకోదలచి గేటుకు తాళం వేసి కొత్త సరుకు తీసుకోవడం ఆపవచ్చు గాని, రసీదులు రైతుల చేతులలో ఉన్నంత కాలం గిడ్డంగిని పడగొట్టలేడు. చివరి రసీదు వెనుకకు వచ్చినప్పుడే దానికి వీలవుతుంది. ఒక్కొక్క వాడుకరి వస్తువును పట్టుకొన్నప్పుడు లెక్క ఒకటి పెరుగుతుంది, వదిలినప్పుడు ఒకటి తగ్గుతుంది, సున్నాకు చేరినప్పుడు విడుదల ప్రమేయం దానంతట అదే పిలువబడుతుంది. అంటే పరికరాన్ని తొలగించడం, నిర్మాణాన్ని విడుదల చేయడం రెండూ వేర్వేరు ఘటనలు. వాటి మధ్య కొన్ని క్షణాలు గాని, కొన్ని రోజులు గాని గడవవచ్చు.

పరికరాలన్నింటికీ సమానమైన ఈ లెక్కింపు చట్రం 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలుతో స్థిరపడినది. దీనినే సులభంగా వాడుకొనే కేరెఫ్ అనే చిన్న నిర్మాణాన్ని గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2004లో చేర్చారు. లెక్క ఎక్కువసార్లు పెరిగి గరిష్ఠ సంఖ్యను దాటి మరల సున్నాకు రావడం వలన వాడుకలో ఉన్న వస్తువే విడుదలయ్యే దోషాన్ని అడ్డుకోవడానికి 2017లో 4.11 కెర్నెలుతో రెఫ్‌కౌంట్_టి అనే ప్రత్యేక రకం వచ్చినది. ఇది గరిష్ఠం దగ్గర ఆగిపోయి, వస్తువును ఎప్పటికీ విడుదల కానివ్వదు. లీకు అయినా సహించవచ్చు గాని ముందుగా విడుదల కాకూడదన్న వివేకం ఇందులో ఉన్నది.

అధిక వేగం గల ఎస్‌ఎస్‌డిలలో సెకనుకు లక్షల అభ్యర్థనలు నడుస్తాయి. ప్రతిదానికీ ఒకే లెక్కను పెంచుతూ తగ్గిస్తూ పోతే ప్రాసెసరులోని కోర్లన్నీ ఆ ఒక్క సంఖ్య కోసం పోటీ పడతాయి. అందువలన 2013లో కెంట్ ఓవర్‌స్ట్రీట్ ప్రవేశపెట్టిన పర్‌సీపీయూ రెఫ్ పద్ధతిలో ప్రతి కోరు తన లెక్కను తాను విడిగా ఉంచుకొంటుంది. తొలగించే సమయం వచ్చినప్పుడు మాత్రమే అన్నింటినీ కలిపి ఒకే లెక్కగా మారుస్తారు. 2014 జనవరిలో 3.13 కెర్నెలుతో ప్రవేశించిన బహుళ క్యూల పద్ధతిలో అభ్యర్థనలను స్తంభింపజేయడానికి ఈ లెక్కనే వాడుతున్నారు. పాత ఏక క్యూ పద్ధతి 2019లో 5.0 కెర్నెలుతో పూర్తిగా తొలగించబడినది.

లెక్క పెంచబోయే క్షణంలోనే మరొక కోరు దానిని సున్నా చేసి వస్తువును విడుదల చేస్తే ఏమగును అనే ప్రశ్న మిగులుతుంది. దీనికి సమాధానాలలో ముఖ్యమైనది ఆర్‌సీయూ. పాల్ మెకెన్నీ కృషితో పేరుపొందిన ఈ పద్ధతి 2002లో లినక్సులో చేరినది. వస్తువును జాబితా నుండి తొలగించిన పిమ్మట, అప్పటికే దానిని చదువుతున్న వారందరూ చదవడం ముగించే వరకు ఒక విరామ కాలం పాటించి, ఆ తరువాతనే మెమొరీని ఇచ్చివేయడం దీని సారాంశం.

అకస్మాత్తుగా ఊడిపోయిన పరికరం

పైన చెప్పిన వరుసలో దారిలో ఉన్న పనులు ముగిసే వరకు ఆగాలి అనే మెట్టు ఒకటి ఉన్నది. పరికరమే లేకపోతే ఆ పనులు ముగిసేదెట్లు? అనుభవం గల రచయితలను కూడా తడబడజేసే ఘట్టం ఇదే.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం మీద ఉండే ఎన్‌వీఎంఈ డిస్కు ఊడిపోతే, దాని రిజిస్టరును చదివినప్పుడు అన్ని బిట్లూ ఒకట్లుగా వస్తాయి. డ్రైవరు దీనిని గుర్తుపట్టాలి. గుర్తుపట్టక అదొక స్థితి సూచిక అనుకొని వాదన కొనసాగిస్తే, పరికరం సిద్ధమయ్యే వరకు అంతులేకుండా తిరిగే లూపులో చిక్కుకొనవచ్చు. లినక్సు ఎన్‌వీఎంఈ డ్రైవరులో చదవడం, రాయడం అనే అభ్యర్థనలకు మామూలుగా 30 సెకన్ల గడువు ఉంటుంది. పరికరం లేదని తెలిసిన తరువాత కూడా ప్రతి అభ్యర్థనకూ ఈ గడువు కోసం ఆగడం అవివేకం. కాబట్టి డ్రైవరు దారిలో ఉన్నవాటినన్నింటినీ తానే దోష సంకేతంతో ముగించి, ఆ తరువాత క్యూను మూసివేస్తుంది. కాలువ పోలికలో చెప్పాలంటే దిగువన తూములు మూసుకుపోతే నీటిని పక్కకు మళ్ళించి గండి కొట్టి వదిలినట్లు.

ఈ మెట్టు లోపించిన డ్రైవరులో తొలగింపు పని ముగియని అభ్యర్థన కోసం ఆగుతుంది, ఆ అభ్యర్థన లేని పరికరం కోసం ఆగుతుంది, యంత్రం ఆపివేసే ప్రయత్నం తొలగింపు కోసం ఆగుతుంది. ఒక పని 120 సెకన్లకు మించి కదలకుండా ఉన్నదని కెర్నెలు లాగులో కనబడే హెచ్చరిక చాలా సార్లు ఇటువంటి స్థితికే గుర్తు. సేవా కేంద్రాలలోని సర్వర్లను పవరు బటను నొక్కి ఆర్పవలసి వచ్చే సందర్భాలు కొన్ని ఇట్లా ఏర్పడినవే.

అంతా సక్రమంగా జరిగినా పోయేది కొంత ఉంటుంది. ప్రోగ్రాము రాసిన సమాచారం వెంటనే డిస్కుకు చేరదు, కొంత కాలం ముఖ్య మెమొరీలో నిలువ ఉంటుంది. పరికరం ఊడిపోయిన క్షణంలో అక్కడ మిగిలినది ఇక డిస్కుకు చేరదు. కెర్నెలు చేయగలిగినదల్లా తాను చెడకుండా నిలబడడం, దోషాన్ని ప్రోగ్రాముకు నిజాయితీగా తెలియజేయడం.

మధ్యలో ఆగిన ప్రారంభం

డిస్కును సిద్ధం చేయడంలో పది మెట్లు ఉన్నవనుకొంటే ఏ మెట్టు వద్దనైనా వైఫల్యం రావచ్చు. ఏడవ మెట్టు వద్ద విఫలమైతే ఆరింటిని విలోమ క్రమంలో వెనుకకు తీసుకోవాలి, ఎనిమిదవదానిని తాకకూడదు. సీ భాషలో దీనికి గోటూ ఆజ్ఞను వాడతారు. ప్రమేయం చివర విడుదల ఆజ్ఞలను విలోమ క్రమంలో పేర్చి, విఫలమైన మెట్టును బట్టి తగిన చోటికి దూకుతారు. గోటూ వాడకూడదని పాఠశాలలో నేర్చుకొన్న విద్యార్థులకు ఇది విడ్డూరంగా ఉండవచ్చు గాని, లినక్సు రచనా నియమావళి ఈ ఒక్క ప్రయోజనానికి దానిని అంగీకరిస్తుంది.

ఈ దారులలో దోషాలు ఎక్కువగా దాగి ఉండడానికి కారణం అవి అరుదుగా నడవడమే. రచయిత బల్ల మీద మెమొరీ చాలకపోవడం జరగదు. విచిత్రమేమనగా, డిస్కును వ్యవస్థలో చేర్చే యాడ్_డిస్క్ అనే ప్రమేయం చాలా కాలం పాటు ఏ ఫలితాన్నీ తిరిగి ఇచ్చేది కాదు. అది విఫలమైనా డ్రైవరుకు తెలిసే మార్గమే లేదు. 2021లో దీనిని సరిదిద్ది దోష సంకేతం తిరిగి వచ్చేలా చేశారు. లూయీస్ చాంబర్లేన్ తదితరులు పదుల సంఖ్యలోని డ్రైవర్లను ఒక్కొక్కటిగా ఈ మార్పుకు అనుగుణంగా తిరగరాశారు.

ఈ భారాన్ని తగ్గించడానికి తేజున్ హో 2007లో డెవ్‌రెస్ అనే పద్ధతిని రూపొందించారు. సాటా డిస్కుల డ్రైవర్లను మెరుగుపరచే ప్రయత్నంలో ఇది పుట్టినది. ఈ పద్ధతిలో తెచ్చుకొన్న ప్రతి వనరూ పరికరం పేరిట ఒక చిట్టాలో నమోదవుతుంది. ప్రారంభం విఫలమైనా, పరికరం తొలగినా చిట్టాలోని వనరులన్నీ విలోమ క్రమంలో వాటంతట అవే విడుదలవుతాయి. రచయిత గోటూల వరుసను రాయవలసిన పని ఉండదు.

అయితే దీనికొక హద్దు ఉన్నది, అది తెలియక వాడినవారు కొత్త దోషాలను తెచ్చిపెట్టారు. చిట్టాలోని మెమొరీ పరికరం తొలగగానే విడుదలవుతుంది. పరికరం తొలగినా డిస్కును తెరచి ఉంచిన ప్రోగ్రాము ఇంకా ఉండవచ్చు. ఆ ప్రోగ్రాము ద్వారా అందే నిర్మాణాన్ని చిట్టాలో పెడితే, రసీదులు బయట ఉండగానే గిడ్డంగిని పడగొట్టినట్లవుతుంది. ఇంటరప్టు, రిజిస్టర్ల కేటాయింపు వంటి పరికరానికే చెందిన వనరులకు డెవ్‌రెస్ తగినది. వాడుకరులు పట్టుకొనే నిర్మాణాలకు రెఫరెన్సు లెక్కింపే శరణ్యం. 2023 ఆగస్టులో వెలువడిన 6.5 కెర్నెలు నుండి, ప్రమేయం ముగియగానే చర రాశికి సంబంధించిన విడుదల దానంతట అదే జరిగే సదుపాయం కూడా లభించినది. దీని పరిధి ఒక్క ప్రమేయానికే పరిమితం.

రెండు దోషాల కథ

నెట్‌వర్కు ద్వారా దూరపు యంత్రంలోని డిస్కును సొంత డిస్కువలె చూపే డ్రైవరును ఎన్‌బీడీ అంటారు. దీనిలో 2021లో బయటపడిన దోషం సివిఇ-2021-3348 అనే సంఖ్యతో నమోదైనది. ఈ డ్రైవరు ఒక డిస్కుకు పలు నెట్‌వర్కు సంబంధాలను వాడగలదు, వాటి జాబితాను ఒక పట్టికలో ఉంచుతుంది. కొత్త సంబంధం చేర్చినప్పుడు పట్టిక చాలక పెద్ద పట్టికను కేటాయించి, పాతదానిలోని విషయాన్ని అందులోకి నకలు చేసి, పాతదానిని విడుదల చేస్తుంది. అదే క్షణంలో మరొక కోరు మీద ఒక అభ్యర్థన పాత పట్టికను చదువుతూ ఉంటే, అది చదువుతున్నది విడుదలైన మెమొరీని. పరికరం ఎక్కడా తొలగలేదు, కేబులు ఊడలేదు. ఒక పట్టిక పెద్దదైనది, అంతే. విడుదల అనేది డ్రైవరు జీవితంలో చివర మాత్రమే వచ్చే ఘట్టం కాదని ఈ ఉదాహరణ తెలియజేస్తున్నది. సంబంధాలను చేర్చేటప్పుడు క్యూను స్తంభింపజేయడం ద్వారా దీనిని సరిచేశారు. షట్టర్లు దించి, నీరు పోయిన తరువాత దిగడమనే పాత సూత్రమే ఇక్కడ కూడా పనికివచ్చినది.

రెండవది ఫ్లాపీ డ్రైవరుకు చెందినది. లినక్సు తొలి రోజుల నుండి ఉన్న ఈ డ్రైవరులో, పరికరానికి నేరుగా ఆజ్ఞలు పంపే సదుపాయంలో ఆజ్ఞను వర్ణించే మెమొరీ విడుదలైన తరువాత కూడా వేరొక పని దానిని వాడే అవకాశం ఉన్నట్లు 2022లో తేలినది. ఇది సివిఇ-2022-33981. దీనికి ఎన్నుకొన్న ప్రధాన పరిష్కారం ఆ సదుపాయాన్నే మామూలుగా లేకుండా చేయడం, కావలసినవారు మాత్రం కెర్నెలును నిర్మించేటప్పుడు ఎంచుకొనేలా ఉంచడం. వాడేవారు దాదాపు లేని సదుపాయానికి ఇది సముచితమైన నిర్ణయమే.

దోషాలను పట్టే సాధనాలు

ఈ తరగతి దోషాలను కంటితో చదివి పట్టడం కష్టం. తాళాల క్రమాన్ని పరిశీలించి బిగుసుకుపోయే అవకాశాన్ని ముందే చెప్పే లాక్‌డెప్ 2006లో వచ్చినది. తిరిగి ఇవ్వని మెమొరీని వెదికే కేమెమ్‌లీక్ 2009లో చేరినది. విడుదలైన మెమొరీని ఎవరైనా తాకిన వెంటనే చూపించే కసాన్ 2015లో 4.0 కెర్నెలుతో వచ్చినది. దీని రాకతో అంతకుముందు కారణం తెలియని పతనాలుగా మిగిలిపోయిన ఎన్నో దోషాలకు ఆచూకీ దొరికినది. గూగుల్ సంస్థ నడిపే సిజ్‌బాట్ 2017 నుండి కెర్నెలుకు యాదృచ్ఛికమైన పిలుపులు పంపుతూ, పతనమైన ప్రతిసారీ రచయితలకు నివేదిక పంపుతున్నది.

మెమొరీ కేటాయింపును కావాలని విఫలం చేసే సదుపాయం కూడా కెర్నెలులో ఉన్నది. మొదటి కేటాయింపును, ఆ తరువాత రెండవదానిని, ఇలా ఒక్కొక్కదానిని విఫలం చేస్తూ పోతే అరుదుగా నడిచే దారులన్నీ నడిచి తీరుతాయి. పరికరం లేకుండానే డిస్కువలె నటించే నల్ బ్లాక్ అనే డ్రైవరు మీద ఈ పరీక్షలు నడపవచ్చు గనుక, విద్యార్థులు కూడా తమ కంప్యూటరులో ఒక వర్చువల్ యంత్రాన్ని పెట్టుకొని వీటిని అభ్యసించవచ్చు.

ఇతర ఆపరేటింగు సిస్టములు

విండోస్‌లో పద్ధతి ప్రకారం తొలగింపు, ఆకస్మిక తొలగింపు అనేవాటికి డ్రైవరుకు వేర్వేరు సందేశాలు అందుతాయి. రిమూవ్ లాక్ అనే తాళం ద్వారా డ్రైవరు తన లోపల నడుస్తున్న పనుల లెక్కను ఉంచుకొని, అన్నీ ముగిసిన తరువాతనే తప్పుకొంటుంది. ఫ్రీబీఎస్‌డీలో 2003 నాటి 5.0 విడుదలతో వచ్చిన జియోమ్ చట్రంలో, డిస్కు పోయినప్పుడు పై పొరకు అది అనాథ అయినట్లు సందేశం వెళ్తుంది. పై పొరలు ఒక్కొక్కటిగా తమ పట్టును వదులుకొన్న తరువాత కింది పొర వాడిపోయి రాలుతుంది. పేర్లు వేరైనా మూల సూత్రాలు అవే.

రస్ట్ భాషలో వస్తువు యాజమాన్యం ఎవరిదో కంపైలరే లెక్క చూస్తుంది గనుక, విడుదల తరువాతి వాడకం చాలా వరకు కంపైలు దశలోనే పట్టుబడుతుంది. 2022 డిసెంబరులో 6.1 కెర్నెలుతో లినక్సులో రస్ట్‌కు చోటు దొరికినది. 2024లో 6.11తో డిస్కు డ్రైవర్లు రాయడానికి కావలసిన ప్రాథమిక సదుపాయాలు, నమూనాగా ఒక నల్ బ్లాక్ డ్రైవరు చేరినవి. అయినా పరికరం డీఎంఏ ద్వారా రాసే రాతలు కంపైలరుకు కనబడవు. పరికరాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసి ఉండవలసిన బాధ్యత రచయిత మీద అలాగే ఉన్నది.

వాడుకరుల జాగ్రత్తలు

పెన్‌డ్రైవును ఊడదీయడానికి ముందు సురక్షితంగా తొలగించు అనే ఎంపికను నొక్కడం, లినక్సులో అయితే అన్‌మౌంట్ చేయడం అవసరం. దానివలన ముఖ్య మెమొరీలో మిగిలిన సమాచారం డిస్కుకు చేరుతుంది. 2018లో వెలువడిన విండోస్ 10 యొక్క 1809 కూర్పు నుండి బయటి పరికరాలకు త్వరిత తొలగింపు పద్ధతి అప్రమేయంగా అమలులో ఉన్నది. ఇందులో సమాచారం ఆలస్యం లేకుండా రాయబడుతుంది కాబట్టి వేగం కొంత తగ్గినా నష్టం అవకాశం తగ్గుతుంది. దస్త్రం నకలు అవుతుండగానే ఊడదీస్తే మాత్రం ఏ పద్ధతీ కాపాడలేదు. నకలు ముగిసినట్లు తెర మీద కనబడినా పెన్‌డ్రైవు దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటే మరికొంత సేపు ఆగాలి.